ఆటోనా, యాప్‌నా? ముందు తూకం రాయి ఎవరి చేతిలో ఉందో చూడండి

పోయిన వానాకాలం మా పెదనాన్నను విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం. కాలి మీద పుండు రెండు నెలలైనా మానలేదు. పాడేరులో డాక్టరు చూసి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. నేను, మా చిన్నాన్న కొడుకు, పెదనాన్న, పెద్దమ్మ. తెల్లారకముందే ఊళ్ళో బయల్దేరితే ఘాట్ దిగి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేసరికి పదకొండు దాటింది. పెదనాన్న నడవలేడు. ఓపీ చీటీ దొరుకుతుందో లేదో అని మా కంగారు మాది.

బస్సు దిగీ దిగగానే ఒక ఆటో అతను ఎదురొచ్చాడు. "ఏటి తాతా, కేజీహెచ్చేనా?" అన్నాడు. మేం చెప్పకుండానే తెలిసిపోయింది అతనికి. పెద్దమ్మ ముక్కుపోగులు, చేతిలో దుప్పటి మూట, పెదనాన్న కాలికి కట్టు. ఇంకేం చెప్పాలి? "నాలుగొందలు ఇయ్యండి" అన్నాడు. దూరం నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు.

తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "ఉండన్నా, యాప్‌లో చూద్దాం" అని ఫోన్ తీశాడు. తొంభై రెండు రూపాయలు చూపించింది. ప్రాణం లేచొచ్చింది మాకు. బుక్ చేశాం. మొదటి అతను ఒప్పుకున్నాడు, ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ?" అని అడిగాడు, చెప్పగానే క్యాన్సిల్ చేశాడు. రెండో అతని బండి పది నిమిషాలు మ్యాప్‌లో ఒకేచోట నిలబడింది, రాలేదు. మూడో అతను "పైన ఇంకో వంద ఇస్తే వస్తా" అన్నాడు. ఈలోపు తెర మీద రేటు నూట నలభై అయ్యింది. అరగంట పోయింది. చివరికి ఇందాకటి ఆటో అతని దగ్గరికే వెళ్ళాం. నవ్వాడు. మూడొందల యాభైకి ఎక్కించుకున్నాడు. ఆ రోజు డాక్టరుకి చూపించలేకపోయాం. రాత్రి నలుగురం బయట గచ్చు మీద పడుకున్నాం.

అప్పట్నుంచి మన పిల్లలు విశాఖ వెళ్తున్నారంటే నన్ను ఒకే మాట అడుగుతున్నారు: అన్నా, ఆటో ఎక్కాలా, యాప్‌లో బుక్ చెయ్యాలా? పరీక్ష రాయడానికి వెళ్ళేవాళ్ళు, కాలేజీలో చేరడానికి వెళ్ళేవాళ్ళు, రోగిని తీసుకెళ్ళేవాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది. కానీ కూలి రోజుకి ఎంతొస్తుందో, నాలుగు కిలోమీటర్లకి ఎంత పోతుందో లెక్కేసుకుంటే అది చిన్నది కాదని తెలుస్తుంది.

ముందు పట్నంలో ఉన్న మన మంచి మిత్రుల సంగతి మాట్లాడదాం. రెండు రకాల మిత్రులున్నారు మనకి.

మొదటి రకం అంటారు: "యాప్ వేసుకోండి, మోసం ఉండదు." ఎవరికి ఉండదు? యాప్‌కి స్మార్ట్‌ఫోన్ కావాలి, దాంట్లో డేటా ఉండాలి, ఓటీపీ రావాలి, మ్యాప్ మీద మనం నిలబడ్డ చోటు గుర్తుపట్టాలి, డ్రైవర్ ఫోన్ చేస్తే పట్నం తెలుగులో టకటకా జవాబు చెప్పాలి. "ఏ గేటు దగ్గర? పిల్లర్ నంబర్ ఎంత?" అంటే మన పెద్దమ్మ ఏం చెబుతుంది? ఇంట్లో కువి మాట్లాడే ముసలమ్మకి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తాతకి తెలుగే రెండో భాష. వాళ్ళ ముందు ఇంగ్లీషు బటన్లున్న తెర పెట్టి "ఇదిగో సౌకర్యం" అంటే అది ఎవరి సౌకర్యం? సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్ళు ఇంకా ఉన్న చోట, ఫోన్ లేనివాడికి బండి లేదనడం అంటే ఆ మనిషిని లెక్కలోంచి తీసేయడమే.

రెండో రకం మిత్రులు అంటారు: "యాప్ కార్పొరేట్ దోపిడీ. ఆటో డ్రైవర్ శ్రమజీవి, మన వర్గం వాడు. ఆటోనే ఎక్కండి." మాట వినడానికి బాగుంది. కానీ కాంప్లెక్స్ బయట పెదనాన్న కట్టు చూసి నాలుగొందలు అడిగింది కార్పొరేట్ కాదు కదా? మన మూట చూసి, మన యాస విని, మన అవసరం కొలిచి రేటు చెప్పడం కూడా దోపిడీయే. శ్రమజీవి చేసినంత మాత్రాన దాని పేరు మారదు. అన్నదమ్ముల లెక్క అంటే రెండు వైపులా ఉండాలి.

యాప్ వల్ల మంచి లేదని నేను అనను. అలా అంటే మన ఆడపిల్లలే ఒప్పుకోరు. రాత్రి పదింటికి రైలు దిగి హాస్టల్‌కి వెళ్ళాల్సిన చెల్లి చెప్పింది నాకు: "అన్నా, బండి నంబర్ ఫోన్‌లో ఉంటది, ఎక్కడున్నానో అమ్మకి లింక్ పంపుతాను, దిగాక రసీదు ఉంటది. ఆటో స్టాండ్‌లో ఇవన్నీ ఎవరిస్తారు?" నిజమే. ఎక్కకముందే రేటు చెప్పడం, ఎవరు తీసుకెళ్తున్నారో రికార్డు ఉండడం, ఈ రెండూ విలువైనవి. కానీ ఈ రెండూ ఏ ప్రయాణికుడికైనా హక్కుగా దొరకాల్సినవి. ఫోన్ ఉన్నవాళ్ళకి మాత్రమే దొరికే బహుమతిలా వాటిని ఎందుకు మార్చారన్నదే నా గొడవ.

పైగా యాప్ చూపించే రేటు నిజంగా స్థిరమైన రేటేనా? అది కూడా చూద్దాం.

మన తాతల కాలం సంత గుర్తు చేసుకోండి. చింతపండు, అడ్డాకులు, వలిసెలు మోసుకుని కొండ దిగి వస్తే షావుకారు కూర్చుని ఉండేవాడు. కాటా అతనిదే, తూకం రాయి అతనిదే, రేటు అతనిదే. సాయంత్రం అయ్యేకొద్దీ రేటు తగ్గించేవాడు. ఎందుకు? సరుకు మళ్ళీ కొండెక్కించలేమని అతనికి తెలుసు. మన అవసరమే అతని లాభం. ఆ దోపిడీ తట్టుకోలేకే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా ఈ విశాఖలోనే. జీసీసీలో లోపాలు లేవని కాదు. కానీ అడవి సరుకుకి ముందే ప్రకటించిన ధర ఒకటి ఉండాలి, అది షావుకారు నోట్లోంచి రాకూడదు అన్న సూత్రం అక్కడ గెలిచింది.

ఇప్పుడు యాప్ ఏం చేస్తోంది? వాన పడితే రేటు పెరుగుతుంది. సాయంత్రం రద్దీకి పెరుగుతుంది. బళ్ళు తక్కువుంటే పెరుగుతుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు సర్జ్. మన సంత భాషలో చెప్పాలంటే, అవసరం చూసి రేటు కట్టడం. చట్టం దీన్ని ఆపిందా? 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూల చార్జీకి ఒకటిన్నర రెట్లు దాటకూడదన్నారు. 2025 జులైలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చి దాన్ని రెండు రెట్లు చేశారు. అంటే షావుకారుకి కాటా తిప్పుకోవడానికి ఇంకాస్త చోటిచ్చారు.

ఆటోల విషయం ఇంకా విచిత్రం. 2025 ఫిబ్రవరిలో ఉబర్ తన ఆటో సేవల్లో కమీషన్ పద్ధతి మానేసింది. యాప్ చూపించే చార్జీ ఒక సూచన మాత్రమే, చివరి మొత్తం ప్రయాణికుడూ డ్రైవరూ మాట్లాడుకోవాలి, డబ్బు నేరుగా డ్రైవర్‌కే ఇవ్వాలి అంది. డ్రైవర్లకి కమీషన్ బాధ తప్పడం మంచిదే. కానీ మనకి జరిగిందేంటి? యాప్‌లో చూసి నమ్మిన రేటు కూడా చివరికి బేరమే అయ్యింది. గొడవైతే మేం మధ్యలో లేమంటుంది కంపెనీ. అదే ఏడాది మే నెలలో, బండి రాకముందే టిప్ ఇస్తే తొందరగా వస్తుందని అడిగే పద్ధతి మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఉబర్‌కి నోటీసిచ్చింది. పని అయ్యాక సంతోషంగా ఇచ్చేదాన్ని టిప్ అంటారు. పనికి ముందే అడిగేదాన్ని మన ఆఫీసుల్లో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆటో స్టాండ్‌లో షావుకారు మొహం కనబడుతుంది, యాప్‌లో కనబడదు. తేడా అంతే. ఒకచోట మన మూట చూసి రేటు కడతారు, ఇంకోచోట మన ఆత్రం చూసి కడతారు. రెండు చోట్లా తూకం రాయి మన చేతిలో లేదు.

మరి డ్రైవర్ చేతిలో ఉందా? అక్కడే మనం ఆగి ఆలోచించాలి. విశాఖలో యాప్ పేరున్న టీషర్టు వేసుకుని బైక్ మీద తిరిగేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. డిగ్రీ చదివి, డీఎస్సీ కోసం కాచుక్కూచుని, చివరికి అప్పు చేసి బైక్ కొని రోడ్డెక్కిన తమ్ముళ్ళు. ఒక తమ్ముడు నాతో అన్నాడు: "అన్నా, కస్టమర్ నాకు ఎంతిచ్చాడో నాకు తెలుసు, కంపెనీ ఎందుకు కోసిందో తెలీదు. రేటింగ్ తగ్గితే బుకింగ్‌లు రావు. ఎవడిని అడగాలి? ఆఫీసు ఎక్కడుందో కూడా తెలీదు." ఆటో అతని కథ వేరేనా? బండికి ఫైనాన్స్ కిస్తీ, గ్యాస్, పోలీసు చలానా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్ళు రోడ్డెక్కారు. ప్రభుత్వం ఏడాదికి పదిహేను వేలిచ్చింది. కిస్తీలకి అది ఎన్నాళ్ళొస్తుంది?

మార్గదర్శకాల్లో రాసుంది, సొంత బండి డ్రైవర్‌కి చార్జీలో కనీసం 80 శాతం దక్కాలని. సామాజిక భద్రతా కోడ్ 2020లో చేశారు, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఇలాంటి కార్మికుల భద్రతకి ఇవ్వాలని అందులో ఉంది. కాగితం మీద బానే ఉంది. 1/70 చట్టం కూడా కాగితం మీద బానే ఉంటుంది. కాగితాన్ని నేల మీదకి ఎవరు దించుతారన్నదే మనకి బాగా తెలిసిన ప్రశ్న. అందుకే మన కోపం డ్రైవర్ మీద ఆగిపోకూడదు. అతను అడిగిన నాలుగొందలు తప్పే, తప్పని మొహం మీదే చెప్పాలి. కానీ అతనికీ మనకీ మధ్య రేటు బోర్డు పెట్టాల్సిన ప్రభుత్వం ఎక్కడికి పోయింది?

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద ఆటోలకి, టాక్సీలకి చార్జీలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పర్మిట్ ఉన్న బండి ఊరికే రానని తిరస్కరిస్తే 178వ సెక్షన్ కింద జరిమానా ఉంది. విశాఖలో మీటర్ వేసిన ఆటో మీరు చివరిసారి ఎప్పుడు ఎక్కారు? నేనైతే ఎప్పుడూ ఎక్కలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. విశాఖ రేవు పట్నం. 1933 నుంచి ఆ రేవు నడుస్తోంది. బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. అనంతగిరి, అరకు కొండల్ని తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. దామంజోడి అల్యూమినా కూడా రైల్లో ఈ రేవుకే వస్తుంది. ఎవరి కొండలవి? ఆ రాయి కొండ దిగి రేవు చేరడానికి పట్టా ఉంది, ఇంజను ఉంది, టైం టేబుల్ ఉంది, టన్నుకి ఇంత అని ముందే రాసిన చార్జీ ఉంది.  2017లో పర్యాటకుల కోసం అరకు రైలుకి అద్దాల పెట్టె కూడా తగిలించారు, మన కొండలు బాగా కనబడాలని. రాయికి దారి ఉంది, చూడ్డానికి వచ్చేవాళ్ళకి దారి ఉంది. ఆ కొండ మీద బతికే మనిషి జబ్బు చేసి దిగితే, మొదట డోలీ, తర్వాత జీపు, తర్వాత బస్సు, చివరి నాలుగు కిలోమీటర్లకి బేరం.

తిరుగు ప్రయాణం ఇంకా ఘోరం. 2023 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చింది గుర్తుందా? విశాఖలో చనిపోయిన పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని అమ్మానాన్నలు స్కూటర్ మీద వంద కిలోమీటర్లకి పైగా పాడేరు వైపు వచ్చారు. ఆ తల్లికి వెళ్ళి ఆటోనా యాప్‌నా అని ఎవరు చెబుతారు?

సరే, రేపు బస్సెక్కేవాళ్ళకి ఏం చెప్పను? పోరాటం ఒక పక్క, ప్రయాణం ఒక పక్క. నాకు తెలిసినవి చెబుతాను.

పగలు, కాంప్లెక్స్ నుంచి అయితే ముందు సిటీ బస్సు అడగండి. స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. నడవగలిగినవాళ్ళకి షేర్ ఆటో ఉంది.

నడవలేని రోగి ఉంటే బండి తప్పదు. బేరానికి ముందు ఫోన్ ఉన్న పిల్లలు యాప్‌లో రేటు చూడండి. బుక్ చెయ్యకపోయినా పర్లేదు, ఆ అంకె చేతిలో ఉంటే "నాలుగొందలు" అన్నవాడితో మాట్లాడే ధైర్యం వస్తుంది. ఎక్కేముందే రేటు గట్టిగా, నలుగురికీ వినబడేలా ఒప్పించుకోండి. బండి నంబర్ ఫొటో తీసుకోండి. "అతను మా తమ్ముడే, ఎక్కండి" అనే మధ్యవర్తిని దూరం పెట్టండి.

రాత్రి ఒంటరిగా వెళ్ళే చెల్లెళ్ళు యాప్ వాడండి, లింక్ ఇంటికి పంపండి. ఎవరేమన్నా మొహమాటపడకండి. బైక్ టాక్సీ ఒక్కరికి, సామాన్లు లేనప్పుడు చౌక. కట్టు కట్టిన కాలుతో రోగిని బైక్ ఎక్కించకండి.

ప్రాణం మీదికొస్తే బేరం లేదు, 108. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లిని ఇంటికి దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది, పైసా ఇవ్వక్కర్లేదు. ఇది తెలియక టాక్సీకి వేలు పోసినవాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరో. మనిషి పోతే మహాప్రస్థానం వాహనం అడగండి. కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది. లోపలికి వెళ్ళగానే ముందు దాని గది ఎక్కడో కనుక్కోండి. అడగడం బిచ్చం కాదు, అది మన కోసమే పెట్టింది.

ఇవన్నీ ఒక్కో మనిషి ఒక్కో రోజు తప్పించుకునే ఉపాయాలు. వీటితో సరిపెట్టుకుంటే రేపు ఫోన్ లేని ఇంకో పెద్దమ్మ అదే కాంప్లెక్స్‌లో నిలబడుతుంది. కాబట్టి ఐటీడీఏ గుమ్మం ముందు, రవాణా శాఖ ముందు, విశాఖ కలెక్టరేట్ ముందు ఈ మాటలు పెట్టాలి:

1. కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, కేజీహెచ్ గేటు, ఈ మూడు చోట్లా ప్రభుత్వం నడిపే ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ ఉండాలి. రేటు బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. కౌంటర్‌లో కువి, ఆదివాసీ ఒడియా వచ్చిన మన పిల్లలకే ఉద్యోగం ఇవ్వాలి.

2. ఏజెన్సీ బస్సులు వచ్చే వేళకి కాంప్లెక్స్ నుంచి కేజీహెచ్‌కి నేరుగా, రోగులు ఎక్కగలిగేలా కింద మెట్టున్న బస్సు నడపాలి. మగ రోగికి, తోడొచ్చినవాళ్ళకి కూడా ఉచితంగా.

3. ఆసుపత్రికి వెళ్ళే, ఆసుపత్రి నుంచి వచ్చే ప్రయాణాలకి యాప్‌లు సర్జ్ వెయ్యకూడదు. రాష్ట్ర ప్రభుత్వం నిబంధన రాయాలి.

4. డ్రైవర్‌కి 80 శాతం వాటా, బీమా అమలవుతున్నాయా లేదా అని తనిఖీ చేసి బయటపెట్టాలి. మన పిల్లల చెమటకి లెక్క చెప్పాలి.

5. ఐటీడీఏ రుణాలతో ఆదివాసీ యువత డ్రైవర్ల సహకార సంఘం పెట్టాలి. కేరళ ప్రభుత్వం 2022 ఆగస్టులో కేరళ సవారి పేరుతో సొంత టాక్సీ యాప్ మొదలుపెట్టింది, కార్మిక శాఖ ఆధ్వర్యంలో. అక్కడ ప్రభుత్వం దిగగలిగినప్పుడు, సరుకుకి జీసీసీ పెట్టిన రాష్ట్రం మనిషికి ఒక బండి పెట్టలేదా?

ఇవి అడిగితే "ఇంత చిన్న విషయానికి ఉద్యమమా?" అంటారు కొందరు. అననీండి. అటవీ గార్డు అడిగిన చిన్న మామూలు, షావుకారు తీసిన చిన్న తరుగు, ఇలాంటి చిన్నవన్నీ కలిసే మన ఇళ్ళు ఖాళీ చేశాయి. చిన్న విషయమని వదిలేసిన ప్రతిదానికీ వడ్డీ కట్టింది మనమే.

పెదనాన్న కాలు నయమైంది, ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. మొన్న సంతకి వెళ్ళొస్తూ ఆ రోజు సంగతి ఎత్తితే నవ్వి అన్నాడు: "షావుకారు మోసం చేసినా కాటా కళ్ళకి కనబడేదిరా. ముల్లు ఎటు వంగిందో చూసి తిట్టేవాళ్ళం. మీ ఫోన్‌లో ముల్లు ఎక్కడుందో చూపించు."

నేను చూపించలేకపోయాను. మీలో ఎవరైనా చూపించగలరా? లేకపోతే పదండి, అడుగుదాం.

జై ఆదివాసీ!